కొనుక్కొచ్చిన కాముడు

జూన్ 24 పొద్దుగాల లేచి ఫోను చూస్తే మా మనుమడు డెన్మార్క్ కెల్లి వీడియో పంపిండు. సముద్రపొడ్డు. ఇసుకల మనిషెత్తు కట్టెల కుప్ప, దాని మీద గడ్డితోని చేసి పాత బట్టలు తొడిగిన ముసలామె బొమ్మ, చుట్టూ వందల మంది. రాత్రి పది కావస్తున్నా అక్కడ ఇంకా పొద్దు వెలుగు పోలేదు. కింద రాసిండు: ‘తాతా, ఇక్కడ కూడ కాముని పున్నం ఉన్నది. ఎండకాలం నడుమ చేస్తరు.’

వెంటనే ఫోను కొట్టిన. వాడు నిద్రల ఉన్నడో లేదో చూసుకోలేదు. “ఏం రా, ఆ కట్టెలు ఎవలింట్లకెల్లి ఎత్తుకొచ్చిండ్రు?” అని అడిగిన.

“ఎత్తుకొచ్చుడేంది తాతా? ముందుగాలనే తెచ్చి పేర్చి పెడ్తరు. పర్మిషన్ గూడ ఉంటది.”

“అట్లయితే అది కాముడు కాదు పో” అన్న.

వాడు నవ్విండు. నవ్వనియ్యి. వానికి ఆ మాట అర్థమయ్యేటట్టు చెప్పాల్నంటే మా బీర్పూరు కథ మొదటి నుంచి చెప్పాలె. ఫోన్ల అంత ఓపిక వానికీ లేదు, అంత ఊపిరి నాకూ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్న.

సముద్రానికీ మాకూ చుట్టరికం లేదు. తూర్పుకు పోయినా పడమరకు పోయినా ఒక రాత్రంతా బస్సుల కూసుంటే గని సముద్రం కనవడదు. నేను దాన్ని చూసింది ఒక్కటేసారి. మా తమ్మున్ని దుబాయి విమానం ఎక్కియ్యడానికి బొంబాయి పోయినప్పుడు, చౌపాటి కాడ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఏ ఊరోళ్ళనన్న అడగండి, సముద్రమంటే మాకు చేపలు కాదు, అలలు కాదు. మా పిల్లలు దాటిపోయే తొవ్వ. మాకున్నది గోదారి. కమ్మునూరు కాడికి పోతే ఒడ్డు, అవతల జన్నారం అడవి. మా పండుగలకు ఆ నీళ్ళే చాలు.

ఇగ కాముని పున్నం. ఫాల్గుణ మాసంల వస్తది. శివుడు మూడో కన్ను తెరిచి మన్మథున్ని బూడిద చేసిన రోజని పురాణం. ఆ పక్కనే ధర్మపురిల నర్సన్న బ్రహ్మోత్సవాలు. పురాణం పెద్దలకు. పోరగాండ్లకు మాత్రం ఆ రోజు చలికి ఆఖరు, ఎండలకు మొదలు. తెల్లారి నుంచి వాకిట్ల మంచాలేసుకొని చుక్కల కింద పండుకోవచ్చు. గొంగడి మడిచి అటుక మీద పారెయ్యొచ్చు.

మా రోజుల్లో ఈ పండుగ ఒక్క రాత్రిది కాదు. పున్నానికి పది రోజుల ముందే మొదలయ్యేది. పొద్దుమూకినంక చేతికో కట్టె పట్టుకొని పది పన్నెండు మందిమి గుంపు కట్టేటోళ్ళం. ఇల్లిల్లు తిరిగి కట్టెలు కొట్టుకుంట జాజిరి పాడేటోళ్ళం. ఆడపిల్లలది ఇంకో వరుస, వాళ్ళ పాటలు వేరు. వెన్నెల రోజురోజుకు పెరిగేది, మా గొంతులు రోజురోజుకు బొంగురుపొయ్యేవి. ఒకరు దోసెడు జొన్నలు పోసేది, ఒకరు మక్కలు, ఒకరు వడ్లు. పైసలిచ్చేటోళ్ళు తక్కువ. ఏమీ పెట్టని ఇంటి మీద అప్పటికప్పుడు పాట కట్టేటోళ్ళం. ఆ పాట ఆ యేడంతా ఆ ఇంటాయన్ను ఎంటపడేది. అందుకని పిసినారి గూడ పిడికెడు గింజలు తెచ్చి పోసేటోడు. గింజలన్నీ కిరాణం దుకాణంల పోసి బెల్లం, పుట్నాలు, కొబ్బరికుడుకలు తెచ్చుకునేది. అందరికీ సమానంగ పంచేటప్పుడు లొల్లి అయ్యేది. ఆ లొల్లి లేకుంటే పండుగ అయినట్టే కాదు.

ఇగ అసలు ముచ్చట కట్టెల దొంగతనం. దీన్ని దొంగతనమంటే మా మనుమడు బెదిరిపోతడు, అయినా అదే పేరు. పున్నానికి రెండు మూడు రాత్రుల ముందు నుంచి ఊర్ల ఏ ఇంటి ముందరా ఎండిన కట్టె నిలిచేది కాదు. విరిగిన గడంచె, కాలూడిన మంచం, దొడ్డి తడికె, పాత దర్వాజ, బండి చక్రం ఆకులు, గోడకు కొట్టిన పిడుకలు, ఏది దొరికితే అది. ఇంటోళ్ళు కట్టె పట్టుకొని కావలి కూసునేది. కావలి కూసున్నోని ముందటికెల్లే పిడుకలు మాయమయ్యేవి.

ఆ దొంగతనానికీ ఒక ధర్మం ఉండె. నాగలి, గొర్రు, ఎవుసం నడిచే పనిముట్టు ఏదీ ముట్టద్దు. ఒంటరి ముసలామె ఇంటి మీదికి పోవద్దు. దొరికితే ఉరకాలె గని ఎదురు తిరగద్దు. అన్నిటికంటే పెద్ద రివాజు, కుప్ప మీద పడ్డ కట్టె కామునిది. దాన్ని మళ్ళ తీసుకపోయే హక్కు పటేలుకు గూడ లేదు. తెల్లారి మనిషి వచ్చి, కుప్ప చుట్టూ ఒక్కసారి తిరిగి, తన దర్వాజను గుర్తు పట్టి, రెండు తిట్లు తిట్టి ఇంటికి పొయ్యేటోడు. రాత్రి మంట కాడికి అందరికంటే ముందు ఆయనే వచ్చేటోడు. ఎందుకు రాడు? కాలేది ఆయన దర్వాజ.

నాకు పన్నెండేండ్లప్పుడు మా ఇంటి మీదికే దొంగలను నేనే తోలుకపోయిన. మా బాపు దొడ్డి వాకిలి కాడ విరిగిన కాడి ఒకటి గోడకు ఆనిచ్చి ఉండె. మంచి టేకు కట్టె. నలుగురం వంగి వంగి పోయి దాని మీద చెయ్యేసినమో లేదో, లోపలికెల్లి మా బాపు దగ్గిండు. పానం పోయినంత పనైంది. అయినా కాడి ఇడువలేదు, ఎత్తుకొని ఉరికినం. తెల్లారి బాపు ఒక్క మాట అనలేదు. నాకు పెండ్లయి, పిల్లలైనంక ఒకనాడు మా అవ్వ చెప్పింది. ఆ కాడి కొట్టంల అటుక మీద ఉండేదట. ఆ రోజు పొద్దుమూకి బాపే దించి వాకిలి కాడ పెట్టిండట. మేం వచ్చిన సప్పుడు విని కావాల్నని దగ్గిండట. “బుగులు లేకుంటే పోరగాండ్లకు ఎత్తుకపోయిన సంబురం ఏముంటది?” అన్నడట.

పున్నం నాటికి బొడ్రాయి కాడ కుప్ప తయారు. నడుమ ఆముదం చెట్టు పాతి, చుట్టూ పిడుకలు, కట్టెలు పేర్చేటోళ్ళం. డప్పులు ముందు, ఊరు వెనుక. మంట అంటుకుంటే ఇంటి కప్పులకంటే ఎత్తు లేచేది. పచ్చి ఆముదం చిటపటమంటుంటే ముసలోళ్ళు ఆ చెట్టు ఏ దిక్కు వాలుతదో చూసి వానలు ఎట్లుంటయో చెప్పేటోళ్ళు. నూటికి యాభై నిజమయ్యేది. ఇప్పుడు టీవీల వాన ముచ్చట చెప్పేటోళ్ళది గూడ నా లెక్కల అంతే.

1978ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. పది మంది ఒక్క తాన నిలబడితే అనుమానంగ చూసే రోజులవి. తర్వాతి యేడు పున్నం వచ్చింది. పెట్టాల్నా వద్దా అని ఊరంతా గుసగుస. ఆఖరికి కుప్ప చిన్నగ పెట్టినం, డప్పు బయటికి తియ్యలేదు, పాట గూడ గొంతులనే. అయినా పెట్టినం. ఆ నెగడుల గూడ ప్రతి ఇంటి కట్టె ఉండె.

ఏ యేడైనా మంట తెల్లారితే ఆడోళ్ళు పాత కుండ పెంకుల నిప్పులు తీసుకొని ఇంటికి పోయేది. ఆ నిప్పుతోనే పొయ్యి రాజేసి నీళ్ళు కాగబెట్టి పిల్లల తలలకు పోసేది. బూడిద నొసటికి పెట్టేది. అంటే ఇంటింటి కట్టె బొడ్రాయి కాడికి పోయి, ఒక్క మంట అయి, మళ్ళ ఇంటింటికి తిరిగొచ్చేది. చిన్నప్పుడు ఇది మాకు తెల్వది. తెలిసే యాళ్ళకు కుండ పెంకు పట్టుకొని వచ్చేటోళ్ళే లేరు.

రంగుల ముచ్చట చెప్పకుంటే పాపం తగులుతది. మోదుగు చెట్టు ఆకులన్నీ రాల్చుకొని అడివంతా ఎర్రగ పూసేది ఆ రోజుల్లనే. గంపలకెత్తి తెచ్చి, కాగుల ఉడుకబెట్టి, ఇంత సున్నం కలిపితే రంగు చిక్కబడేది. వెదురు బొంగుతోని పిచికారి మేమే చేసుకునేది. ఆ రంగు కండ్లల్ల పడ్డా మంట లేకుండె, అంగి రెండు ఉతుకులకు తేటపడేది. మధ్యాహ్నం బండ్లు కట్టుకొని గోదారికి పోయేది. ముందు పెద్దలు దిగి లోతు చూసినంకనే పిల్లలను దించేది.

ఇగ గిప్పటి కాముడు. పున్నం నాడు పొద్దుగాల ఫోన్ల మెసేజీ వస్తది. ఇంటికి ఇంత చందా, ఫోను నుంచి ఫోనుకే పైసలు. ట్రాక్టరు సామిల్లుకు పోయి కట్టెలు తెస్తది. సీసీ రోడ్డు పలుగుతదని కింద ఇసుక పోస్తరు. పైన కరెంటు తీగలున్నయని కుప్ప నడుములెత్తుకు మించనియ్యరు. ఆముదం చెట్టు ఎక్కడుంటదో తెలిసిన పోరడు లేడు. ఇంత పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీస్తరు. మంట కంటే ముందు డీజే మొదలైతది. నా ఇంటి కిటికీ రెక్కలు కొట్టుకుంటయి, గుండె అంతకంటే ఎక్కువ. అర్ధగంట వీడియోలు. ఆ తర్వాత మంట ఒక్కతే కాలుకుంట ఉంటది. దాని పక్కన రెండు కుక్కలు, నేను.

అది ఎవరి కాముడు? నా కట్టె లేదు, నీ కట్టె లేదు. సామిల్లోనిది. ఆయనకు పైసలు ముట్టినయి, మంట కాడికి రావాల్సిన పని లేదు.

“అన్నీ పోరగాండ్ల తప్పేనా?” అని మా ముసలమ్మ ఎదురడుగుతది. కాదు. తప్పులు ఎంచుతే నావీ ఉన్నయి. దొడ్ల ఎద్దులుంటే పెండ ఉంటది, పెండ ఉంటే పిడుకలుంటయి. ట్రాక్టరు వచ్చిందని నేనే ఎడ్లను అమ్మిన. 1999ల దీపం పథకం వచ్చింది, ఆడోళ్ళ పేరు మీద గ్యాసు ఇచ్చిండ్రు, మా ఇంట్ల పొయ్యి ఊదుడు బందైంది. మా ముసలమ్మ కండ్లు బాగుపడ్డయి. పిడుకల కోసం ఆమెను మళ్ళ పొగల కూసోమంటానా? మట్టిగోడ తీసి ఇటుక గోడ కట్టింది గూడ నేనే. సిమెంటు గోడకు పిడుక కొడితే నిలువదు. తడికె తీసి ఇనుప గేటు పెట్టిన, దానికి తాళం. అట్ల ఎత్తుకపోయేదానికి ఏమీ లేకుండ చేసి, పోరగాండ్లు ఎత్తుకపోతలేరని తిడుతున్న.

ఆ పోరగాండ్లు గూడ ఎంత మంది మిగిలిండ్రు? పిల్లలు హైదరాబాద్ హాస్టళ్ళల్ల, వాళ్ళ తండ్రులు దుబాయి, మస్కట్, బహ్రెయిన్ క్యాంపులల్ల. 2016ల జగిత్యాల జిల్లా అయింది, మా ఊరు మండలమైంది, ఆఫీసులు వచ్చినయి. కాముని కుప్ప చుట్టూ తిరిగేటోళ్ళు మాత్రం యేటేటా తక్కువైతున్నరు.

మా రోజుల్లో అంతా బంగారమే అని చెప్పుమంటే చెప్పను. యేండ్లకేండ్లు బడి పంతులుగ చేసి అబద్ధం రాస్తే చెయ్యి వంకరపోతది. కాముని పేరు మీద మేం పాడిన పాటలల్ల కొన్ని ఆడోళ్ళు చెవులు మూసుకునేటివి. డప్పు కొట్టే చేతులు మాదిగవాడవి, మంట దగ్గరి చోటు ఊరి పెద్దలది. ఇయ్యాళ్ళ ఎవలన్న ఎక్కడన్న నిలబడుతున్నరు. అది నాకు మంచిగనే అనిపిస్తది.

మా మనుమడు పంపిన వీడియోల ఆ గడ్డి బొమ్మ మంత్రగత్తెదట. మూడు వందల యేండ్ల కిందటి దాకా ఆ దేశాలల్ల బతికున్న ఆడోళ్ళనే మంత్రగత్తెలని కాల్చిండ్రట. ఇది విని “ఛీ, ఏం మనుషులు రా” అనబోయి ఆగిపోయిన. బాణామతి పేరు మీద మన దిక్కు ముసలోళ్ళ మీద కిరసనాయిలు పోసిన ముచ్చట్లు పేపర్లల్ల నేనే చదివిన. ఎవలను కాలుస్తున్నమో సోయి లేకుంటే ఏ మంటైనా కాముని మంట కాదు.

మంటలు తక్కువైనయా అంటే అదీ కాదు, తప్పు తావుల ఎక్కువైనయి. భోగి మంటలు మా చిన్నప్పుడు ఇంత లేకుండె. టీవీ చూసి ఇప్పుడు సంక్రాంతికి ప్రతి వాడకట్టుల ఒకటి. యంత్రం వరి కోసిపోయినంక పొలంల మిగిలిన కొయ్యకాళ్ళకు అగ్గి పెడితే ఊరంతా పొగ. కాముని పిడుకలకు గతి లేదు గని, పాముకు, కప్పకు, వానపాముకు చితి పేర్చడానికి మాత్రం గడ్డి దొరుకుతది.

ఇంకో మంట ఉండె మా దిక్కు ఊర్లల్ల. పీరీల కొట్టం ముందర అలావా గుండం. పీర్ల పండుగకు దాంట్ల నెగడు పెట్టి చుట్టూ ఎగిరేది. మోదుగు రంగు పూసుకున్న పోరగాండ్లమే దాని చుట్టూ గూడ ఎగిరినం. చాంద్రమానం లెక్క కాబట్టి ఆ పండుగ యేటా పదకొండు రోజులు ముందుకు జరుగుకుంట అన్ని కాలాలు తిరుగుతది. 2025ల జులై 6న వచ్చింది. మా మనుమడు చూసిన సముద్రపొడ్డు మంటకూ దానికీ రెండు వారాలే ఎడం. జూన్, జులైల మంట చూడాల్నంటే డెన్మార్క్ దాకా పోవాల్నా?

కాముని మంటను ఇంకా బతికించుకుంటున్నోళ్ళ దగ్గర నేర్చుకోవాల్నంటే తండాకు పోవాలె. లంబాడోళ్ళు రాత్రి కాకుండ తెల్లారుజామున కాముణ్ణి కాలుస్తరు. ఆడోళ్ళు, మొగోళ్ళు గుంపులు కట్టి లెంగీ పాటలు పాడుతరు. ఆ యేడు పుట్టిన మొగపిల్లగాని పేరు మీద ఢూండ్ చేస్తరు. గోదారి అవతల గోండు గూడేలల్ల దీన్నే దురాడి అంటరు. వాళ్ళ పాటలు వాళ్ళకు నోటికి ఉన్నయి. మా ఊర్ల జాజిరి పాట మొదలు నుంచి చివరి దాకా వచ్చినోళ్ళను లెక్కపెట్టాల్నంటే నాకు ఒక చెయ్యి చాలు.

ఇక్కడనే ఆ తెల్లోళ్ళకు దండం పెట్టాలె. మనుమన్ని అడిగిన, “అక్కడ డీజే ఉన్నదా?” అని. లేదట. మంట అంటుకున్నంక అందరు కలిసి ఒక పాట పాడుతరట. 1885ల ఒక కవి నాటకం కోసం రాసిన పాటట. నూటనలభై యేండ్లు దాటింది. పిల్లలు, ముసలోళ్ళు, ఆఫీసరు, కూలీ అందరూ పాడుతరట. కట్టెలు పేర్చి పెట్టుడు నాకు నచ్చకున్నా, ఆ పాట దగ్గర నేను ఓడిపోయిన.

ఒక్క మాట నవ్వులాట లేకుండ చెప్పాలె. రంగులాడినంక పోరగాండ్లు ఇప్పుడు బైకుల మీద, ముగ్గురేసి మందు సీసాలతోని, నీళ్ళకు పోతరు. ఇసుక తోడిన కాడ గోదారి అడుగు ఎక్కడ ఎంత లోతున్నదో చేపలు పట్టేటోళ్ళకు గూడ అంతు చిక్కుతలేదు. హోలీ తెల్లారి పేపర్ల ఏదో ఒక వాగులనో, చెరువులనో మునిగిన పిల్లల ఫొటోలు లేని యేడు లేదు. మా పెద్దలు ముందు దిగి లోతు చూసింది ఉత్తగనే కాదు. ముసలోళ్ళు ఎంట ఉంటే పండుగ చప్పగైతదని మమ్మల్ని ఇంట్ల కూసోబెట్టిండ్రు. చప్పగనే కానియ్యుండ్రి, పిల్లలు ఇంటికి వస్తరు.

ఇగ చందా ముచ్చట. పోయిన యేడు పోరగాండ్లు గేటు కాడికి వచ్చి “సార్, కాముని చందా” అన్నరు. ఇయ్యనన్న. “కట్టె కావాల్నంటే రాత్రి వచ్చి ఎత్తుకపోండ్రి” అన్న. వాళ్ళు ఒకల మొకం ఒకలు చూసుకొని, ముసలాయనకు పైసలియ్య మనసొప్పుతలేదనుకొని పోయిండ్రు. నేను ఆ పొద్దు కొట్టంల మూలకున్న పాత కాడి, మా ఎడ్ల మెడ మీద ఆఖరుగ ఉన్నది, ఈడ్చుకొచ్చి గేటు కాడ గోడకు ఆనిచ్చిన. గేటు తాళం తీసిన. రెండు జాముల రాత్రి దాకా మంచంల మెలకువతోనే ఉన్న. డీజే సప్పుడు ఆగింది, కుక్కలు పండుకున్నయి. కాడి అక్కడనే ఉన్నది.

తమ్మీ, బీర్పూరు పోరగాండ్లారా, ఇది చదివితే మీకే చెప్తున్న. ఆ కాడి ఇంకా గేటు పక్కనే ఉన్నది. వానకు తడువకుండ పైన రేకు కప్పిన. వచ్చే కాముని పున్నానికి గేటు తాళం వెయ్య. చందా అడగకుండ్రి, అడిగితే ఇయ్య. చెప్పకుండ రాండ్రి, ఎత్తుకపోండ్రి. మీరొచ్చిన సప్పుడైతే నేను లోపలికెల్లి దగ్గుత. ఉరుకుండ్రి.